సర్ పెర్సీ స్కాట్

నేలపై నిలుకడగా నిలిచి, కదలని గురిని కొట్టుటకే ఎంతో సాధన కావలెను. ఇక సముద్రముపై సాగిపోవు యుద్ధనౌక నుండి మరియొక నౌకను గుండుతో కొట్టుట ఎంతటి కష్టకార్యమో ఊహింపవచ్చును. గుండు వేయువాని కాలిక్రింది ఓడ అలల తాకిడికి ఒక ప్రక్కనుండి వేరొక ప్రక్కకు ఒరుగుచుండును. ముందుభాగము లేచుచు పడుచుండును. ఆ ఊపుతో ఫిరంగి కొన ఒకమారు ఆకాశమువైపు, ఒకమారు నీటివైపు తిరుగుచుండును. గొట్టము ఒక్క డిగ్రీ తప్పినను, 1000 గజముల దూరమున గుండు గురికంటె 50 అడుగులకు పైగా ఎత్తున పోవును; లేదా అంతకు ముందే నీటిలో పడును. శత్రునౌకయు ఒకచోట నిలిచియుండదు. 20 నాట్ల వేగముతో పోవు నౌక, గుండు గాలిలో నుండు 10 సెకండ్లలో 100 గజములకు పైగా ముందునకు సాగిపోవును. కావున గురికాడు నౌక ఇప్పుడున్న చోటును గాక, గుండు చేరు వేళకు అది ఉండబోవు చోటును లక్ష్యముగా గ్రహింపవలెను.

పందొమ్మిదవ శతాబ్దము ముగియు నాటికి గొప్ప నౌకాదళములు సైతము ఈ కష్టమును తీరనిదిగా నెంచి ఊరకుండెను. 1898వ సంవత్సరమున క్యూబా తీరములోని శాంటియాగో యొద్ద అమెరికా నౌకలు స్పెయిను నౌకలను ఓడించెను. ఆ యుద్ధమున అమెరికనులు వేసిన సుమారు 9,500 గుండ్లలో శత్రునౌకలకు తగిలినవి సుమారు 120 మాత్రమే. మరుసటి యేట అమెరికా నౌకలు ఐదు, 1600 గజముల దూరమున నిలిపిన ఒక పాత ఓడపై ఒక్కొక్కటి 5 నిమిషములపాటు గుండ్లు వేసెను. అంతయు ముగిసిన పిదప చూడగా, ఆ ఓడ తెరచాపలకు రెండు గుండ్లు మాత్రమే తగిలియుండెను. గుండు తప్పుట సహజము, తగులుట అదృష్టము అని నావికులు భావించిన కాలమది. ఆ భావమును మార్చిన మహనీయుడు బ్రిటిషు నౌకాదళమునకు చెందిన సర్ పెర్సీ స్కాట్.

స్కాట్ 1853వ సంవత్సరము జూలై 10వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆతని తండ్రి న్యాయవాద వృత్తిలో నుండెను. స్కాట్ పదమూడేండ్ల ప్రాయముననే, 1866లో, నౌకాదళమున చేరెను. ఆ కాలమున బాలురు ఓడపైననే చదువు నేర్చి, ఓడపైననే పెరిగి అధికారులగుచుండిరి. స్కాట్ సూక్ష్మబుద్ధి కలవాడు. చేతిలోని పనిముట్టు ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొని, దానినింకను మెరుగుపరచు మార్గమును వెదకుట ఆతనికి బాల్యము నుండియు అలవాటు. 1878లో ఆతడు ఎక్సెలెంటు అను ఫిరంగి విద్యాశాలలో శిక్షణకు చేరెను. ఆ విద్యయే ఆతని జీవితకార్యమయ్యెను.

1882లో బ్రిటిషు నౌకలు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవుపై ఫిరంగులు పేల్చెను. ఎనిమిది పెద్ద ఉక్కుకవచపు నౌకలు సుమారు 3000 గుండ్లను వేసెను. కోటలు కదలునవి కావు. సముద్రము నాడు ప్రశాంతముగనే యుండెను. ఐనను గుండ్లు నేరుగా తగిలి పాడైన కోట ఫిరంగులు బహు స్వల్పము. ఆ యుద్ధమున పనిచేసిన స్కాటునకు ఈ సంగతి మనస్సులో నాటుకొనెను. కదలని గురికే ఇట్లు జరిగినచో, కదలు నౌకతో పోరు సంభవించినప్పుడు నావికుల గతి యేమగునని ఆతడు చింతించెను.

ఆనాటి నౌకాదళములో ఈ చింత కలవారు అరుదు. దీర్ఘకాలము పెద్ద యుద్ధములు లేకుండుటచేత నౌక అందముగా కనబడుటయే ఘనతగా నెన్నబడుచుండెను. ఇత్తడి సామానులు అద్దమువలె మెరయవలెను. రంగు ఎచ్చటను చెదరరాదు. కొందరు అధికారులు తమ సొంత ధనము వెచ్చించి రంగులు కొనుచుండిరి. ఫిరంగి పేల్చినచో పొగచేత రంగు మాయును గనుక, అభ్యాసమునకిచ్చిన గుండ్లను కొన్ని నౌకలలో రహస్యముగా సముద్రములో పారవేయుటయు కలదని ప్రతీతి. స్కాట్ ఈ పద్ధతిని నిరసించెను. యుద్ధనౌక శత్రువును కొట్టుటకే నిర్మింపబడినదిగాని, చూపరులను మెప్పించుటకు కాదని ఆతని అభిప్రాయము.

1896లో స్కాట్ స్కిల్లా అను క్రూయిజరునకు కెప్టెనై మధ్యధరా సముద్రమునకు వెడలెను. అప్పుడు వాడుకలో నున్న పద్ధతి యిది: గురికాడు ఫిరంగిని ఒక కోణమున నిలిపి, ఓడ ఒరిగి ఒరిగి గురి తన కంటికెదురుగా వచ్చువరకు వేచియుండి, ఆ క్షణమున పేల్చవలెను. కాని కన్ను చూచుటకును చేయి కదలుటకును నడుమ కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధిలో ఓడ ఊపు గురిని దాటించును. అందుచేత గురి రాక మునుపే ఊహించి పేల్చవలసివచ్చుచుండెను. గుండు తగులుట సగము ఊహపై, సగము అదృష్టముపై ఆధారపడియుండెను.

1898లో ఒకనాడు సముద్రము అలజడిగా నుండగా స్కిల్లా నావికులు అభ్యాసము చేయుచుండిరి. స్కాట్ ఒక్కొక్క ఫిరంగి యొద్ద నిలిచి పరికించెను. అందరి గుండ్లును తప్పుచుండగా, ఒక్క నావికుని గుండ్లు మాత్రము ఇతరులవాటికంటె మేలుగా తగులుచుండెను. స్కాట్ వానిని మెచ్చుకొని ఊరకుండలేదు. వాడేమి చేయుచున్నాడో సూక్ష్మముగా చూచెను. ఆ నావికుడు గురి తన కంటిలో పడువరకు వేచియుండుట లేదు. ఓడ ఒరిగినకొలది, ఫిరంగిని ఎత్తుటకును దించుటకును ఏర్పరచిన చక్రమును ఎడతెగక ఇటునటు త్రిప్పుచు, గురిని విడువక చూచుచుండెను. తానొక క్రొత్తపద్ధతిని కనుగొంటినని వానికే తెలియదు. ఆ చిన్న సంగతిలో స్కాటునకు గొప్ప సత్యము గోచరించెను. ఒకడు తెలియకయే చేసిన దానిని అందరును తెలిసి చేయునట్లు నేర్పవచ్చునని ఆతడు గ్రహించెను.

పిమ్మట స్కాట్ మూడు పనులు చేసెను. మొదట, ఫిరంగి పండ్లచక్రముల పొందికను మార్పించి, గొట్టమును సులభముగను త్వరితముగను ఎత్తుటకు దించుటకు వీలు కల్పించెను. రెండవది, గురిచూచు దూరదర్శినిని ఫిరంగి వెనుకకు తన్నునప్పుడు కంటికి దెబ్బ తగులని విధమున అమర్చెను. అంతకుముందు ఆ దెబ్బకు వెరచి గురికాండ్రు కన్నును దూరముగా నుంచుచుండిరి. మూడవది, గుండ్లు ఖర్చు లేకయే నిత్యము సాధన చేయుటకొక యంత్రమును కల్పించెను. ఫిరంగి కొన యెదుట ఒక చిన్న గురి, ఓడ ఊపునకు సరిపోవునట్లు పైకి క్రిందికి కదలుచుండును. గురికాడు దానిని విడువక అనుసరించుచు మీట నొక్కినచో, పెన్సిలు ఒకటి ఆ గురిపై చుక్క పెట్టును. చుక్క పడినచోటే గుండు పడినట్లు. గుండ్లు కూరువారికిని ఇట్లే వేరొక సాధనమును ఏర్పరచి, వేగముగా కూరుట నేర్పించెను.

ఫలితము అద్భుతముగా నుండెను. 1899 నాటి వార్షిక పరీక్షలో ఇతర నౌకల గుండ్లు నూటికి సుమారు 30 తగులగా, స్కిల్లా గుండ్లు నూటికి 80 తగిలెను. పలువురు ఆ లెక్కను నమ్మలేకపోయిరి. నౌకయు అదే, ఫిరంగులును అవే, మనుష్యులును వారే. మారినది నేర్పిన విధానము మాత్రమే.

ఆ సంవత్సరముననే స్కాట్ టెర్రిబుల్ అను పెద్ద క్రూయిజరునకు కెప్టెనై చైనాకు బయలుదేరి, దక్షిణాఫ్రికా చేరెను. అచట బ్రిటిషువారికిని బోయరులకును యుద్ధము ఆరంభమయ్యెను. బోయరుల ఫిరంగులు బ్రిటిషు సైన్యము ఫిరంగులకంటె ఎక్కువ దూరము కొట్టుచుండెను. స్కాట్ ఓడ ఫిరంగులను నేలపై లాగుకొనిపోవుటకు తగిన చక్రపు బండ్లను మోటు దూలములతో అతి స్వల్పకాలమున నిర్మింపజేసెను. అవి లేడీస్మిత్ నగరమునకు సమయమునకు చేరి, ముట్టడిలో చిక్కిన సైన్యమునకు అండయయ్యెను. తంతితీగలు తెగిపోగా, ఆతడు రైలుబండిపై సర్చిలైటును అమర్చి, దాని వెలుగును మూయుచు తెరచుచు లోపలివారికి వార్తలు పంపించెను. అదే యుద్ధమున అదే నేటాలులో గాంధీజీ భారతీయులతో ఒక సేవాదళమును కూర్చి క్షతగాత్రులను మోసికొనివచ్చెను. తెలుగునాటి నుండి కూలికై వెడలిన వారనేకులు ఆనాడు నేటాలులో నివసించుచుండిరి.

చైనా సముద్రమునకు చేరిన తరువాత స్కాట్ టెర్రిబుల్ నౌకలోను తన విధానమును ప్రవేశపెట్టి, 1900, 1901 సంవత్సరములలో మరల నూటికి 80కి సమీపమైన ఫలితములను సాధించెను. అచట విలియం సిమ్స్ అను అమెరికా నౌకాధికారి ఆతనికి మిత్రుడయ్యెను. స్కాట్ తన రహస్యములను దాచుకొనక సిమ్సునకు నేర్పెను. సిమ్స్ ఆ విధానమును తన నౌకలో పరీక్షించి, వాషింగ్టనునకు నివేదికపై నివేదిక వ్రాసెను. మొదట ఎవ్వరును వానిని లెక్కింపలేదు. తరువాత అధికారులు నేలపై ఒక ఫిరంగిని నిలిపి పరీక్షించి, దానిని అంత వేగముగా ఎత్తుట దించుట మనుష్యులకు సాధ్యము కాదని తేల్చిరి.

ఆ పరీక్షలో ఒక పెద్ద లోపమున్నది. ఫిరంగి తన ఇరుసుపై తూకముగా నిలిచియుండును. ఓడ ఒరిగినప్పుడు, కదలని వస్తువు కదలక నిలువగోరు స్వభావముచేత, ఫిరంగి ఉన్నస్థితిలోనే నిలువజూచును. గురికాడు చక్రమును త్రిప్పి దానికి కొంత తోడ్పడినచో చాలును. నేలపై నిలిపిన ఫిరంగికి ఈ సహాయము లేదు గనుక భారమంతయు మనుష్యులపైననే పడినది. సముద్రముపై జరుగు పనిని నేలపై పరీక్షించి కాదనుట తగదని సిమ్స్ వాదించి, 1901లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టునకే లేఖ వ్రాసెను. రూజ్వెల్టు ఆతనిని రప్పించి, 1902లో గురి అభ్యాసమునకు పర్యవేక్షకునిగా నియమించెను. కొద్ది సంవత్సరములలో అమెరికా గురికాడొకడు అదే 1600 గజముల దూరమున ఒక్క నిమిషములో 15 గుండ్లను లక్ష్యమునకు తగిలించెను.

స్వదేశమునకు వచ్చిన స్కాట్ 1903లో ఎక్సెలెంటు విద్యాశాలకు అధిపతియయ్యెను. 1905లో నౌకాదళమంతటికిని గురి అభ్యాస పర్యవేక్షకుడుగా నియమితుడయ్యెను. అప్పటి నౌకాధిపతి ఫిషర్ ఆతనికి అండగా నిలిచెను. 1905 నాటి పరీక్షలలో తొలిసారిగా తప్పిన గుండ్లకంటె తగిలిన గుండ్ల సంఖ్య మించెను. 1907 నాటికి తగులునవి నూటికి 80కి దగ్గరయ్యెను.

ఐనను స్కాట్ మార్గము పూలబాట కాలేదు. ఆతడు కటువుగా మాటలాడువాడు. తప్పును చూచినచో ఎంతటివారినైనను విడిచిపెట్టువాడు కాడు. 1907లో జర్మను చక్రవర్తి ఇంగ్లండునకు రానుండగా, సేనాధిపతి బెరెస్ఫర్డు నౌకలకన్నిటికిని రంగులు వేయవలెనని ఆజ్ఞాపించెను. స్కాట్ ఆజ్ఞకు లోబడిన నౌకయొకటి గురి అభ్యాసము చేయుచుండి, దానిని ముగించుటకు అనుమతి కోరెను. ఫిరంగివిద్యకంటె రంగుపూతకే ఇప్పుడు గిరాకి యెక్కువ గనుక వచ్చి ముస్తాబు కమ్మని స్కాట్ పరిహాసముగా సంకేతము పంపెను. సేనాధిపతికి ఆ మాట తెలిసి, అందరి యెదుట స్కాటును తీవ్రముగా మందలించెను. వారిరువురి వైరము పత్రికల కెక్కెను. స్కాట్ భావము సరియైనదే కాని, పై అధికారిని ఎగతాళి చేయుటవలన ఆతడు విరోధులను పెంచుకొనెను. ఆతని సత్కార్యములకు ఈ కాఠిన్యమే పలుమార్లు అడ్డయ్యెను.

ఇంతలో క్రొత్త చిక్కొకటి యేర్పడెను. నౌకల ఫిరంగులు పెద్దవగుటచేత, 1500 గజముల మాట పోయి 9000 గజముల దూరమునుండి పోరాడవలసిన దినములు వచ్చెను. అంత దూరమున ఒక్కొక్క గురికాడు వేరువేరుగా గురిచూచుట ప్రయోజనకారి కాదు. ఫిరంగుల పొగ, అలల తుంపర కన్నులను కప్పును. ఒక్కొక్క ఫిరంగి ఒక్కొక్క క్షణమున పేలును. నీటిలో లేచిన జలస్తంభములలో ఏది ఏ ఫిరంగిదో తెలియదు. తెలియనిదే తప్పును దిద్దుకొనుట ఎట్లు? స్కాట్ దీనికి ఉపాయమును కనిపెట్టెను. పొగకు అందని ఎత్తున, స్తంభముపై ఒక గురికాడు కూర్చుండును. ఆతడు చూచిన గురి విద్యుచ్ఛక్తిచేత ప్రతి ఫిరంగి యొద్దనున్న ముల్లునకు తెలియును. క్రిందివారు ఆ ముల్లు చూపినట్లు ఫిరంగులను త్రిప్పినచో చాలును. పైవాడు ఒక్క మీట నొక్కినంతనే ఫిరంగులన్నియు ఒక్కమారుగా పేలును. గుండ్లన్నియు గుంపుగా పడును గనుక, దూరము హెచ్చయినదో తగ్గినదో వెంటనే తెలిసి దిద్దుకొనవచ్చును.

ఈ పద్ధతిని అంగీకరింపజేయుటకు స్కాటునకు పెక్కేండ్లు పట్టెను. ఒక్క దెబ్బకు స్తంభము కూలినచో ఫిరంగులన్నియు గ్రుడ్డివగునని కొందరు ఆక్షేపించిరి. నౌకలపై తన పదవి ముగిసిన పిదపను ఆతడు పట్టు విడువలేదు. జెల్లికో అను నౌకాసేనాని ఆతనికి తోడ్పడెను. తుదకు 1912 నవంబరు 13వ తేదీన ఐర్లండు తీరమున పోటీ పరీక్ష జరిగెను. స్కాట్ యంత్రమున్న థండరర్ నౌకయు, అది లేని ఓరియన్ నౌకయు 9000 గజముల దూరమునుండి మూడు నిమిషములు గుండ్లు వేసెను. థండరర్ ఇరువదికి పైగా గుండ్లను తగిలించెను. ఓరియన్ తగిలించినవి నాలుగు మాత్రమే. మరుసటి యేట ప్రభుత్వము స్కాటునకు బారొనెట్ బిరుదు నొసగెను. ఐనను 1914 ఆగస్టులో యుద్ధము వచ్చునాటికి ఆ యంత్రమమర్చిన పెద్ద యుద్ధనౌకలు ఎనిమిది మాత్రమే.

ఆలస్యమునకు మూల్యము ప్రాణములు. 1914 నవంబరు 1వ తేదీన దక్షిణ అమెరికా తీరమున కొరొనెల్ యొద్ద, గురిలో ఆరితేరిన జర్మను నౌకలు రెండు బ్రిటిషు క్రూయిజరులను ముంచెను. వానిలోని సుమారు 1600 మందిలో ఒక్కడును మిగులలేదు. అందులో గుడ్ హోప్ అను నౌక ఒకప్పుడు స్కాట్ పతాకము ఎగిరిన నౌకయే. 1916 మే 31వ తేదీన జట్లండు మహాయుద్ధము జరుగునాటికి పెద్ద నౌకలన్నిటికిని దాదాపుగా ఆ యంత్రము అమర్చబడెను. ఐనను మంచుతెర, పొగ, వేగము, పది మైళ్లకు దరిదాపైన దూరము కలిసి ఇరుపక్షముల గురికాండ్రను బాధించెను. వేసిన పెద్ద గుండ్లలో నూటికి సుమారు మూడు మాత్రమే తగిలెను. ప్రశాంత సముద్రమున జరుగు పరీక్షకును నిజమైన యుద్ధమునకును ఎంత భేదమో దీనివలన తెలియును. స్కాట్ పెద్ద కుమారుడు ఆ యుద్ధముననే, పిన్నవయస్సున, ప్రాణములు కోల్పోయెను. నావికుల గురికై జీవితమును ధారపోసిన తండ్రికి అంతకుమించిన దుఃఖమేమి కలదు?

స్కాట్ సత్యనిష్ఠకు మరియొక నిదర్శనము కలదు. 1914 జూన్ నెలలో ఆతడు టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి, జలాంతర్గాములును విమానములును రాగా పెద్ద యుద్ధనౌకల కాలము తీరినదని ప్రకటించెను. పెద్ద ఫిరంగులకు గురి నేర్పుటయే తన కీర్తికి మూలము. ఐనను తనకు నిజమని తోచిన దానిని చెప్పుటకు ఆతడు జంకలేదు. పెక్కుమంది నవ్విరి. ఆ సెప్టెంబరు 22వ తేదీన ఒక్క జర్మను జలాంతర్గామి గంటన్నర కాలములో మూడు బ్రిటిషు క్రూయిజరులను ముంచగా, 1400 మందికి పైగా మరణించిరి. అప్పుడు నవ్విన నోళ్లు మూతపడెను.

యుద్ధకాలమున ప్రభుత్వము వృద్ధుడైన స్కాటును మరల పిలిచెను. 1915 సెప్టెంబరులో జర్మను ఆకాశనౌకల నుండి లండనును కాపాడు భారమును ఆతనిపై నుంచెను. కదలు లక్ష్యమును కొట్టుట యను ఆ పాత సమస్యయే ఇప్పుడు ఆకాశమునకెక్కినది. ఆతడు ఫ్రాన్సు నుండి మేలైన ఫిరంగిని తెప్పించి రక్షణకు పునాది వేసెను. 1919లో తన యాబదేండ్ల నౌకాజీవితమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1924 అక్టోబరు 18వ తేదీన లండనులో తనువు చాలించెను.

స్కాట్ గొప్పతనము అతడు కల్పించిన యంత్రములలో మాత్రమే లేదు. వందలమంది అధికారులు నిత్యము చూచుచునే చూడని దానిని ఆతడు చూచెను. సామాన్య నావికుని చేతికదలికలో పాఠమున్నదని గ్రహించి, అధికారియై యుండియు వానినుండి నేర్చుకొనెను. నేర్చిన దానిని లెక్కలతో నిరూపించెను. నిరూపించిన దానిని అన్యదేశస్థునికి సైతము దాచక చెప్పెను. ఆదరణ లభింపకున్నను పట్టు విడువలేదు. తప్పుట సహజమని ఊరకుండువారికి గురి ఎన్నడును కుదరదు. ఎందుకు తప్పినదో విచారించి, మరల మరల దిద్దుకొనువారికే లక్ష్యము లభించును.